ఆధార శ్రుతి: ఒత్తు, యిడకి, క్లెఫ్

సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట్‌లో పెరిగిన మావాళ్లను పెళ్లి మేళం గురించి అడగండి. సన్నాయి, డోలు వాయించినవాళ్ల గురించి చెబుతారు గానీ, వెనక శ్రుతి పట్టినాయన ఊసెత్తరు. ఆయన చేతిలోది ఒత్తు. చూడ్డానికి సన్నాయే, కానీ దానిమీద వేళ్లు ఆడవు. రంధ్రాలను మైనంతో సరిచేసి, ఒక్క షడ్జాన్నే ఎడతెగకుండా ఊదుతారు. బుగ్గల్లో పట్టిన గాలిని బయటికి నెడుతూ, అదే సమయంలో ముక్కుతో ఊపిరి పీల్చడమే అందులో విద్య. ఇప్పుడు చాలాచోట్ల ఆ పని శ్రుతిపెట్టె చేస్తోంది.

ఆస్ట్రేలియా ఆదివాసుల డిజరిడూ వాయించడానికీ ఈ ఊపిరి విద్యే మూలం. ఉత్తరాన ఆర్నెమ్ ల్యాండ్‌లోని యోల్ఙు ప్రజలు దాన్ని యిడకి అంటారు. చెదపురుగులు లోపల తినేసి డొల్ల చేసిన యూకలిప్టస్ మాను కోసం అడవిలో వెతుకుతారు. తట్టి, మోత విని ఎంచుకుంటారు. కొట్టి తెచ్చి, లోపల శుభ్రంచేసి, మూతి దగ్గర తేనెమైనం పూస్తారు. దీనికి స్వర రంధ్రాలు ఉండవు. గొట్టం పొడవు, లోపలి వెడల్పుల మీద మూలస్వరం ఆధారపడుతుంది. పెదవులు, నాలుక, గొంతు కదలికలతో ఆ ఒక్క స్వరంలోనే లయలు పుడతాయి. పాటగాడు బిల్మా అనే కర్రలతో తాళం వేస్తాడు. క్రతువులలో ఎవరు, ఎప్పుడు ఊదాలో ఆ సమాజాలకు నియమాలున్నాయి. మన వేడుకల్లో ఈ వాద్యం పెట్టాలనుకుంటే, ముందు వారిని అడగడం మర్యాద.

ఒత్తు, యిడకి ఆధార స్వరాన్ని చెవికి వినిపిస్తే, కాగితం మీద ఆధారం చూపేది మన పిల్లలు పియానో క్లాసులో నేర్చుకునే క్లెఫ్. అయిదు గీతల్లో ఏ గీత ఏ స్వరమో చెప్పే గుర్తు అది. ట్రెబుల్ క్లెఫ్ మెలిక కింది నుంచి రెండో గీతను చుడుతుంది, అది జి. బేస్ క్లెఫ్ రెండు చుక్కలు నాలుగో గీతకు అటూ ఇటూ ఉంటాయి, అది ఎఫ్. వయోలా వాయించేవారు చదివే సి క్లెఫ్ నడిమి గీత మీద మధ్య సిని నిలుపుతుంది. మన లెక్కలో సి ఒకటి శ్రుతి, ఎఫ్ నాలుగు, జి అయిదు. ఒకటి శ్రుతి పెట్టుకుంటే ఈ మూడూ స, మ, ప అవుతాయి.

తేడా కూడా ఇక్కడే ఉంది. క్లెఫ్ చూపే ఎత్తు ఎవరు పాడినా మారదు. మన షడ్జం గాయకుల గొంతును బట్టి మారుతుంది. యిడకి స్వరం మానును బట్టి ఉంటుంది. అందుకే ఆర్కెస్ట్రాతో వాయించేటప్పుడు రచన శ్రుతికి సరిపోయే యిడకిని వెతుక్కోవాలి.

మన సంగీతాన్నీ పాశ్చాత్య స్వరలిపినీ కలపాలన్న ఆలోచన పాతదే. మద్రాసులో చిన్నస్వామి మొదలియార్ 1890లలోనే కర్ణాటక కృతులను పాశ్చాత్య స్వరలిపిలో అచ్చువేశారు. ఆయన ప్రోత్సాహంతో మొదలైన సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలోనే వెలువడింది.

ఇంట్లో పిల్లలు అటు పియానో, ఇటు సంగీతం నేర్చుకుంటూ ఉంటే ఒక పని చేయండి. అయిదు శ్రుతిలో పాడే అమ్మాయి చేత పై షడ్జం పాడించి, పియానో మీద ఆ మెట్టు నొక్కించండి. ట్రెబుల్ క్లెఫ్ చుట్టిన గీత మీది జి అదే. గాత్రం టీచరు చెప్పేదీ పియానో టీచరు చెప్పేదీ వేరువేరు కాదని పాపకు అప్పుడు చెవికే తెలుస్తుంది.