ఏరు దాటే బిళ్ళ

వేసవి సెలవులకు మా చెల్లెలి కొడుకు నరసరావుపేట వచ్చాడు. ఏడో తరగతి పూర్తి చేశాడు. వస్తూ వస్తూ, డల్లాసులో వున్న వాడి బాబాయి పంపిన ఆటపెట్టె ఒకటి చంకన పెట్టుకు వచ్చాడు. పలకంత వుంటుంది. అందులో పోకెమాన్ అనే ఆట. అడవులూ కొండలూ తిరిగి వింత జంతువులను పట్టడం, పెంచడం, పందేలకు దించడం, ఇదీ దాని కథ.

“అయితే కోడిపందెం లాంటిదేగా! కోడిపందెం మూలాన మన పల్నాడు ఏమైపోయిందో తెలుసునా?” అని నేను నాగమ్మ, బ్రహ్మనాయుల కథ ఎత్తుకోబోయాను. తెలుగు మేష్టారింట్లో పిల్లలు పడే కష్టాలు పాఠకులు ఊహించుకోగలరు. మావాడు తల ఎత్తకుండానే, “ఇందులో ఏవీ చావవు మామయ్యా, మూర్ఛపోతాయంతే,” అన్నాడు. నాకిక మాట లేకపోయింది.

మూడోనాడు వాడు అన్నం దగ్గర కూడా మూతి ముడుచుకు కూర్చున్నాడు. వాళ్ళ అత్తయ్య బతిమాలగా బతిమాలగా చెప్పాడు. ఆటలో అవతలి ఒడ్డు కనబడుతోందట. వెళ్ళే దారి లేదట. నీళ్ళలోకి దిగితే తీసుకువచ్చి మళ్ళీ ఇవతలి ఒడ్డునే పడేస్తోందట.

“పడవ లేదురా?” అన్నాను.

“పడవ కాదు మామయ్యా. నేనెక్కి తిరిగే జంతువుంది. దానికి ఈత రావాలి.”

ఈ మాట నాకు నచ్చింది. ఆ రాత్రి వాడి పక్కన కూర్చుని కథంతా చెప్పించుకున్నాను. ఆపైన కుతూహలం కొద్దీ దాని పూర్వోత్తరాలు నేనూ కొంత చదివాను.

ఈ ఆట మొదట 1996లో జపానులో వచ్చింది. అందులో కథానాయకుడి ఊరికి దక్షిణాన నీళ్ళే. ఇల్లు వదిలి బయలుదేరిన మొదటి రోజునే ఆ నీళ్ళు కంటబడతాయి. వాటి మీదుగా పోవడానికి మాత్రం సగం దేశం తిరిగి రావాలి. ‘సర్ఫ్’ అనే జలవిద్య ఎక్కడో ఫ్యూషియా అనే పట్టణంలో, ఒక పెద్ద వన్యమృగాల తోటలో చిట్టచివరి ఇంట్లో వుంటుంది. తోటలోకి పోవడానికి 500 రుసుము. లోపల వేయనిచ్చేది 500 అడుగులే. లెక్క తప్పితే బయటికి పంపేస్తారు.

కష్టపడి విద్య సంపాదించినా చాలదు. ఆ ఊళ్ళోనే కోగా అనే విషజంతువుల ఉస్తాదు వున్నాడు. అతన్ని పందెంలో గెలిచి బిళ్ళ పుచ్చుకోవాలి. బిళ్ళంటే మన కచేరీ బంట్రోతు వేసుకునే బిళ్ళ వంటిదే అనుకోండి. అది వుంటేనే ఆ విద్య నీటి ఒడ్డున పనిచేస్తుంది. పైగా మోయగల జలచరం కూడా మన వెంట వుండాలి. విద్య, వాహనం, అనుమతి, ఈ మూడూ కూడితే గాని ఏరు దాటడం లేదన్నమాట.

2002లో వచ్చిన రూబీ, సఫైర్ ఆటల్లో తమాషా ఇంకా ఎక్కువ. అక్కడ కుర్రవాడు సాక్షాత్తూ తన తండ్రినే పందెంలో గెలిస్తే గాని నీటిమీద పోయే అనుమతి రాదు. తండ్రిగారి చేత “ఇక నువ్వు వెళ్ళవచ్చు” అనిపించుకోవడమే అసలు పరీక్ష. ఇది రాసినవాడెవరో ఇంటి సంగతులు తెలిసినవాడే.

మావాడు ఆడేది 2022లో వచ్చిన ‘స్కార్లెట్’. ఇందులో కొరైడాన్ అనే ఎర్రని బల్లిలాంటి వాహనం వున్నది. దానికి పరుగూ, ఈతా, ఎగురుడూ అన్నీ ఒకప్పుడు వచ్చినవే. ఏవో దెబ్బలు తిని శక్తులు పోగొట్టుకున్నది. ఆర్వెన్ అని మరో కుర్రవాడు జబ్బుపడిన తన పెంపుడు కుక్కను బతికించుకోవడానికి దివ్యమూలికల కోసం కొండలు పట్టి తిరుగుతుంటాడు. కొండదారిన వచ్చేవారి మీదికి బండరాళ్ళు దొర్లించే మహాపక్షి ఒకటి వుంది. దాన్ని ఓడిస్తే చేదుమూలిక దొరుకుతుంది. దాన్ని శాండ్‌విచ్‌లో పెట్టి తినిపిస్తే కొరైడానుకు పోయిన ఈత తిరిగి వస్తుంది.

ఇది విని నేను తొడ చరిచాను. “ఒరేయ్, ఇది హనుమంతుడి కథ కాదట్రా! శాపవశాన తన బలం తాను మరిచిపోయి సముద్రపుటొడ్డున కూర్చున్నవాడికి జాంబవంతుడు గుర్తు చేస్తే కదా నూరు యోజనాలు దాటాడు! విద్య కొత్తగా రాలేదు. వున్నది జ్ఞాపకం వచ్చింది.”

“మరి నీకు ఈత వచ్చా మామయ్యా?” అన్నాడు వాడు.

“వచ్చు,” అన్నాను. కాసేపాగి, “వచ్చేది,” అన్నాను.

మర్నాడు అసలు సంగతి బయటపడింది. వీధిలో కుర్రాళ్ళు నలుగురు సాగర్ కాలువకు ఈతకు పోతున్నారట, తానూ పోతానన్నాడు. ఈత వచ్చునా అంటే, “నీళ్ళు నడుం దాకేనట, వాళ్ళు పట్టుకుంటారట,” అన్నాడు. నాకు కాళ్ళూ చేతులూ చల్లబడ్డాయి.

పల్నాటికి నీటి కరువు ఈనాటిది కాదు. శ్రీనాథుడి పేరున ప్రచారంలో వున్న చాటువుల్లోనే ఈ సీమ రాళ్ళ మీదా, నీళ్ళ మీదా ఎంతో వేళాకోళం వున్నది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగరానికి శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. కుడి కాలువ మా పొలాలకు అన్నం పెట్టింది. నేను కాదనను. కాని ఆ కాలువ చెరువు వంటిది కాదు. అంచులకు పలకలు పరిచి వుంటాయి, పలకలకు నాచు పట్టి వుంటుంది. పట్టు దొరకదు. పైకి నిమ్మళంగా కనిపించినా అడుగున లాగేస్తుంది.

నేను ఇంటరు చదివేటప్పుడు నాతో ఒకే బెంచీలో కూర్చున్న మిత్రుడు ఆ కాలువలోనే పోయాడు. వాడికి ఈత రాకపోలేదు. నాకంటే బాగా వచ్చు. ఆ రోజు గట్టున బట్టలు కాపలా కాసినవాణ్ణి నేను. పాతికేళ్ళ పైమాటే ఇది. అప్పటినుంచి నేను బకెట్టు నీళ్ళు తప్ప మరో నీళ్ళలో దిగలేదు. ఈ సంగతి మా ఇంట్లో నా భార్యకు తప్ప ఎవరికీ తెలియదు.

వద్దు అంటే సరిపోతుందా? ఈ యేడు వద్దంటాను. పై యేడు వాడు నాకు చెప్పకుండా పోతాడు.

మా చిన్నతనంలో గురజాల దగ్గర మా ఊళ్ళో ప్రతి తోటలోనూ మోటబావి వుండేది. మా తాతగారు నడుముకు బెండ్లు కట్టి నన్ను తోశారు. రోజుకో బెండు తగ్గించేవారు. బెండు లేకుండా బావి మూడుసార్లు అడ్డంగా ఈదితే గాని చెరువుకు పోనిచ్చేవారు కారు. ఆటలోని బిళ్ళకూ దీనికీ తేడా ఏమిటో చెప్పండి! ఇప్పుడు బోర్లు వచ్చాయి, బావులు పూడిపోయాయి. నేర్పే చోటూ పోయింది, “ఇక వెళ్ళు” అని చెప్పే తాతా పోయాడు. కాలువ మాత్రం వుంది.

చిత్రమేమంటే, ఈ ఆటను కల్పించిన సతోషి తజిరి బాధ కూడా ఇదే. టోక్యో పొలిమేరల్లో పురుగులు పట్టుకుంటూ పెరిగినవాడు. ఊరు పెరిగి, తాను తిరిగిన పొలాలూ కుంటలూ ఇళ్ళ కింద పోయాయి. ఆ సరదా పట్నపు పిల్లలకు దక్కాలని ఈ ఆట కట్టాడు. కుంట పోతే ఆయన బొమ్మల్లో కుంట తవ్వాడు. నాకు అంత విద్య లేదు గనుక బావి వెతకడానికి బయలుదేరాను.

మా పెదనాన్నగారి తోటలో ఒక్క బావి మిగిలి వున్నది. బెండ్లు మాత్రం పాత సామాన్లలో దొరికాయి. మొదటి రోజు వాణ్ణి దింపి, మెట్టు మీద నిలబడ్డాను. “నువ్వూ రా మామయ్యా,” అన్నాడు వాడు. చాలాసేపు నిలబడ్డాను. చివరికి దిగాను. నీళ్ళు గొంతు దాకా వచ్చేసరికి ఒక్క నిమిషం ఊపిరాడలేదు. ఆ తరువాత చేతులు వాటంతట అవే కదిలాయి.

పన్నెండు రోజులు పట్టింది. ఈలోగా ఆటలో మహాపక్షి ఓడిపోయింది, కొరైడాను నీళ్ళు దాటింది. ఆ ముచ్చట వాడు తడితలతో వచ్చి రెండు ముక్కల్లో చెప్పేసి మళ్ళీ బావి మాటే ఎత్తుకున్నాడు. పదమూడోనాడు బెండు లేకుండా మూడుసార్లు అడ్డంగా ఈది, మెట్టు పట్టుకుని రొప్పుతూ అడిగాడు.

“మామయ్యా, నాకు బిళ్ళ వచ్చినట్టేనా?”

“వచ్చింది.”

“అయితే కాలువకు?”

నేను వాడి పక్కన మెట్టు మీద కూర్చుని, పాతికేళ్ళనాటి నా మిత్రుడి సంగతి మొదటినుంచీ చెప్పాను. వాడు కదలకుండా విన్నాడు.

“కాలువకు బిళ్ళ లేదు నాయనా,” అన్నాను. “ఎవరికీ లేదు.”

వాడు తల వూపాడు. కాసేపటికి లేచి, “మరోసారి ఈదుదామా?” అన్నాడు. ఇద్దరం దిగాం.