1956: రహీం సాబ్ జట్టు మెల్‌బోర్న్ వెళ్లిన ఏడాది

2022 డిసెంబర్‌లో ఖతర్‌లో జరిగిన ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ పోటీల్లో మొరాకో జట్టు మొదట స్పెయిన్‌ను, ఆ వెంటనే పోర్చుగల్‌ను ఇంటికి పంపి సెమీఫైనల్‌కు చేరింది. ఒక ఆఫ్రికా దేశం, ఒక అరబ్బు దేశం అంతదూరం వెళ్లడం అదే మొదటిసారి. ఆట ముగియగానే ఆటగాళ్లు మైదానంలోనే సజ్దా చేయడం, తల్లులను గుండెకు హత్తుకోవడం టీవీలో చూసి మన ఇళ్లలో మురిసిపోని వారు తక్కువ. హకీమీ, జియెష్, గోల్‌కీపర్ బోనో పేర్లు పిల్లల నోళ్లలో నానాయి. చివరకు ఫ్రాన్సు చేతిలో, మూడో స్థానం కోసం జరిగిన ఆటలో క్రొయేషియా చేతిలో ఓడి మొరాకో నాలుగో స్థానంలో నిలిచింది.

ఆ పిల్లలనే పిలిచి అజీజుద్దీన్ ఎవరు, నూర్ మహమ్మద్ ఎవరు, లతీఫ్ ఎవరు అని అడిగి చూడండి. తెల్లమొహం వేస్తారు. వారి తప్పేమీ లేదు, చెప్పవలసిన మనమే చెప్పలేదు. సరిగ్గా అటువంటి ఘనతనే, అదే డిసెంబర్ నెలలో, 66 ఏళ్ల ముందు మన దేశం సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టుది నాలుగో స్థానం. ఆసియా ఖండం నుంచి ఒలింపిక్ సెమీఫైనల్ ఆడిన తొలి జట్టు అదే. దానిని తయారు చేసినవాడు ఒక బడిపంతులు. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం, ఊరు హైదరాబాద్.

ఆ 1956వ సంవత్సరం మామూలు సంవత్సరం కాదు. జనవరిలో సూడాన్, మార్చిలో మొరాకో, ట్యునీషియా పరాయి పాలన నుంచి బయటపడ్డాయి. సూయజ్ కాలువను జాతీయం చేసినందుకు ఈజిప్టు మీద బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ దండెత్తాయి. అందుకు నిరసనగా ఈజిప్టు మెల్‌బోర్న్‌కు వెళ్లనే లేదు. ఇక్కడ మన పల్నాడులో, అంతకు ముందు డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ గురించే ఎక్కడ చూసినా మాట. అప్పటికి మాచర్ల దగ్గర కృష్ణ దాటితే నల్లగొండ జిల్లా, అంటే వేరే రాష్ట్రం. 1956 నవంబర్ 1న రెండు గట్లూ ఒకే ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాయి. మెల్‌బోర్న్‌లో మన జట్టు తొలి ఆట డిసెంబర్ 1న. అంటే హైదరాబాద్ ఆటగాళ్లు గురజాల, నరసరావుపేట వారికి సొంత రాష్ట్రం వారై సరిగ్గా నెల రోజులు. 2014లో కృష్ణ మళ్లీ సరిహద్దయింది గానీ, ఆ నాటి జట్టును పంచుకోవడానికి సరిహద్దు అడ్డం రాకూడదు.

రహీం 1909లో పుట్టారు. ఉస్మానియాలో చదివి పాఠశాలల్లో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. 1943 నుంచి కన్నుమూసే దాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బాధ్యత తీసుకున్నారు. అదే ఏడాది మొదలుకొని 1954 దాకా వరుసగా ఐదుసార్లు ఆ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. కలకత్తా పెద్ద క్లబ్బులు ఫుట్‌బాల్ అంటే తమదేనని భావించే రోజుల్లో, పోలీసు కొలువులు చేసుకునే కుర్రాళ్లు వారిని నోరెత్తనివ్వలేదు.

ఆయన పద్ధతిలో మంత్రమేమీ లేదు. ఉన్నది తాలీమే. బంతిని కాలికి అంటించుకొని ఒంటరిగా పరుగెత్తడం నిషేధించి పోటీలు పెట్టేవారు. అందిన బంతిని వెంటనే తోటివాడికి ఇవ్వాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమ కాలితోనే ఆడాలని ఇంకో పోటీ. మదరసాలో ఉస్తాద్ పిల్లవాడి చేత ఒకే సూరాను తప్పు పోయేదాకా చదివించినట్టే ఇదీ. సికింద్రాబాద్‌కు చెందిన తులసీదాస్ బలరాం అనే పేద కుర్రాడు రోజూ హైదరాబాద్ రావడానికి డబ్బులు లేవంటే, సైకిలు అద్దెకు రహీం సాబే డబ్బులిచ్చారట. పెద్దవాడయ్యాక బలరామే ఈ మాట చెప్పుకునేవారు.

1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మనవాళ్లు చాలామంది ఉత్త కాళ్లతో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తయ్యారు. ఆ తర్వాతే మన ఆటలో బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్ల తర్వాత మెల్‌బోర్న్ విమానం ఎక్కిన జట్టుకు కెప్టెన్ బెంగాల్‌కు చెందిన సమర్ బెనర్జీ. హైదరాబాద్ నుంచి అజీజుద్దీన్, లతీఫ్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం. వీరిలో అజీజుద్దీన్, నూర్, లతీఫ్ హెల్సింకి అవమానాన్ని కళ్లారా చూసినవారే.

హంగరీ తప్పుకోవడంతో మొదటి రౌండ్ ఆడకుండానే గట్టెక్కిన మాట నిజం. దాన్ని దాచనక్కరలేదు. కానీ క్వార్టర్ ఫైనల్‌లో ఎదురైనది ఆతిథ్య దేశం ఆస్ట్రేలియా. సొంత గడ్డ మీద, సొంత జనం ముందు ఆ జట్టును 4-2తో ఓడించారు. అందులో మూడు గోల్స్ బొంబాయి ఆటగాడు నెవిల్ డిసౌజావి, నాలుగోది కృష్ణస్వామిది. ఒలింపిక్స్‌లో ఒకే ఆటలో మూడు గోల్స్ కొట్టిన తొలి ఆసియా వాసి నెవిల్. సెంటర్ ఫార్వర్డ్ ముందుకు ఉరకకుండా కాస్త వెనక నిలబడి, ప్రత్యర్థి రక్షకులను తన వైపు లాగి, పక్కవాళ్లకు దారి తీయడం రహీం వేసిన ఎత్తు. 

సెమీఫైనల్ డిసెంబర్ 4న, మళ్లీ యుగోస్లావియాతోనే. సగం ఆట గడిచేసరికి ఎవరికీ గోల్ లేదు. 52వ నిమిషంలో నెవిల్ గోల్ కొట్టి భారత్‌ను ముందుంచాడు. హెల్సింకిలో పది గోల్స్ తిన్న దేశం అదే జట్టు మీద ఆధిక్యంలో ఉంది! ఆ సంతోషం రెండు నిమిషాలే. అరగంట లోపే వాళ్లు నాలుగు కొట్టారు. మూడో స్థానం కోసం బల్గేరియాతో 3-0తో ఓడిపోయారు. మొరాకోను మూడో స్థానానికి రానివ్వని క్రొయేషియా కూడా నాటి యుగోస్లావియాలో భాగమే కావడం ఒక చిత్రం.

ఇంటి ఆటలోనూ ఆ ఏడాది మనదే. 1956-57 సంతోష్ ట్రోఫీ ఫైనల్‌లో బొంబాయిని ఓడించి హైదరాబాద్ మొదటిసారి జాతీయ విజేత అయింది. మరుసటి ఏడాదీ బొంబాయినే ఓడించింది. రాష్ట్రం పేరు మారినా జట్టు పేరు హైదరాబాద్‌గానే ఉండిపోయింది.

ఇదంతా శుక్రవారం పేజీలో ఎందుకని కొందరు పెద్దలు అడగవచ్చు. ఆటలంటే కాలం వృథా అనే అభిప్రాయం మనలో బలంగా ఉంది. ఆట మీద పంతాలు పెరిగితే ఏమవుతుందో కోడిపోరు నుంచి యుద్ధం చూసిన పల్నాటి వారికి వేరే చెప్పనక్కరలేదు కూడా. ఫోన్లలో క్రికెట్ పందేలు కాసి అప్పులపాలవుతున్న కుర్రాళ్లను చూస్తూనే ఉన్నాం. ఆ పందెం హరామే. అందులో రెండో మాట లేదు. కానీ పందెం వేరు, ఒళ్లు వంచి ఆడే ఆట వేరు. బలహీనుడైన విశ్వాసి కంటే బలవంతుడైన విశ్వాసి అల్లాహ్‌కు ప్రియమైనవాడనీ, మేలు మాత్రం ఇద్దరిలోనూ ఉందనీ దైవప్రవక్త (స) తెలిపినట్టు సహీహ్ ముస్లింలో ఉంది. ఆయన హజ్రత్ ఆయిషా (ర)తో పరుగు పందెం పెట్టుకున్న సంగతి అబూ దావూద్ గ్రంథంలో ఉంది. పదో తరగతి కూడా పూర్తి కాకుండా మెకానిక్ షెడ్డుకు వెళ్లిపోయే మన పిల్లవాడికి సాయంత్రం ఒక గంట మైదానం, పక్కన నిలబడి తప్పు దిద్దే ఒక మాస్టారు దొరకడం చిన్న సంగతా? రహీం సాబ్ దగ్గర ఉన్నవి దాదాపు అవే.

ఆయన చివరి విజయం 1962 జకార్తా ఏషియన్ గేమ్స్. ఒంట్లో క్యాన్సర్ పెట్టుకొనే జట్టును నడిపించి, ఫైనల్‌లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణ పతకం తెచ్చారు. 1963 జూన్ 11న పరమపదించారు. అల్లాహ్ ఆయనను మన్నించుగాక. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య అవార్డు మొదలైంది 1985లో. 1960 రోమ్ తర్వాత భారత జట్టు ఒలింపిక్ ఫుట్‌బాల్ ఆడలేదు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో సంతోష్ ట్రోఫీ ఒకసారి గెలిచాం. మళ్లీ ఆ ముచ్చట లేదు. 2024 రంజాన్ పండుగకు 'మైదాన్' అనే హిందీ సినిమా విడుదలయ్యాక గానీ రహీం పేరు మన ఇళ్లలో చాలామందికి తెలియలేదు.

రోమ్ జట్టులో ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నారు. ఆ తర్వాత అంతర్జాతీయ రెఫరీగా పేరు తెచ్చుకొని 2021లో కన్నుమూశారు. రోమ్‌లో భారత్ హంగరీతో, ఫ్రాన్సుతో, పెరూతో మూడు ఆటలు ఆడింది. కోచ్ తండ్రే. మూడింటిలో ఒక్కదానిలోనూ కొడుకును దింపలేదు.