రాత్రి పొలం పనులకు చేతిదీపం, వెంట ఉండవలసిన చిన్న పరికరాల ఎంపిక

వ్యవసాయ పరికరాలు అనగానే నాగలి, పార, కొడవలి, స్ప్రేయరు గుర్తుకు వస్తాయి. టార్చిలైటును ఎవరూ ఆ జాబితాలో చేర్చరు. అది ఇంటి సామానులో ఒకటిగా, కరెంటు పోయినప్పుడు వెతుక్కునే వస్తువుగానే మిగిలిపోతుంది. అయితే నీరు పెట్టడానికో, మోటారు చూడడానికో, కళ్ళంలో ధాన్యం కాపలాకో, అడవిపందుల నుంచి వేరుశనగను కాపాడడానికో చీకట్లో పొలానికి వెళ్ళే రైతుకు ఆ దీపం ప్రాణరక్షణ సాధనం. దానిని ధర చూసి, డబ్బా మీది పెద్ద అంకె చూసి ఎంచుకోవడం కంటే, రాత్రివేళ జరిగే పనినీ, ఎదురయ్యే అపాయాన్నీ బట్టి ఎంచుకోవడం మేలు. దీపంతోపాటు వెంట ఉండవలసిన నాలుగైదు చిన్న వస్తువులకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

చీకటిలో అపాయం ఎక్కడ ఉంది?

రాత్రి పొలంలో ప్రధానమైన అపాయాలు రెండు: పాముకాటు, విద్యుదాఘాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటు వల్ల సుమారు 12 లక్షల మంది, అంటే ఏటా సగటున 58 వేల మంది మరణించారని 2020లో వెలువడిన ఒక విస్తృత అధ్యయనం అంచనా వేసింది. ఈ మరణాల్లో దాదాపు సగం జూన్ నుంచి సెప్టెంబరు వరకు, అంటే ఖరీఫ్ పనులు ముమ్మరంగా సాగే నెలల్లోనే సంభవించాయి. మరణాలు ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి.

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల విద్యుత్తు మొదలయ్యాక, కేవలం కరెంటు వేళల కోసం అర్ధరాత్రి లేవవలసిన అవసరం అక్కడ తగ్గింది. అయినా కాపలా, పాలు పితకడం, నూర్పిడి, తెల్లవారుజామున కూరగాయల కోత వంటి పనులు రెండు రాష్ట్రాల్లోనూ చీకట్లోనే జరుగుతున్నాయి.

పశువులు, కుక్కలు, నక్కల కళ్ళు దీపం పడగానే మెరుస్తాయి. వాటి కంటి వెనుక వెలుగును తిప్పి పంపే పొర ఉండడమే దీనికి కారణం. పాము కంటిలో ఆ పొర లేదు. కాబట్టి మెరుపును చూసి పామును గుర్తించగలమనుకోవడం పొరపాటు. ఎండుటాకుల రంగులో కలిసిపోయే రక్తపింజరిని గుర్తించాలంటే, అడుగు వేయబోయే గట్టు స్పష్టంగా కనిపించాలి. దీపం ఎంపికకు తొలి కొలమానం ఇదే.

ఎంత వెలుగు కావాలి?

దీపాల డబ్బాల మీద ల్యూమెన్ల సంఖ్యను పెద్ద అక్షరాల్లో ముద్రిస్తారు. దీపం నుంచి అన్ని దిక్కులకూ వెలువడే మొత్తం వెలుగుకు అది కొలత. ఆ వెలుగు ఒకే దిశలో ఎంత గాఢంగా వెళుతుందో క్యాండెలా తెలుపుతుంది. చూస్తున్న చోట ఎంత వెలుగు పడుతుందో లక్స్ తెలుపుతుంది. నీటితొట్టి నుంచి వచ్చే మొత్తం నీరు ల్యూమెన్ అనుకుంటే, గొట్టం చివర ధార వేగం క్యాండెలా. అదే నీటిని సన్నని ధారగా దూరానికి కొట్టవచ్చు, జల్లుగా దగ్గరలో పరచవచ్చు.

దూరం పెరిగేకొద్దీ వెలుగు ఆ దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది. 100 క్యాండెలాల దీపం ఒక మీటరు దూరంలో 100 లక్స్, రెండు మీటర్ల దూరంలో 25 లక్స్, పది మీటర్ల దూరంలో ఒక లక్స్ ఇస్తుంది. ఇరవై మీటర్ల వద్ద మిగిలేది పావు లక్స్, అంటే దాదాపు పున్నమి వెన్నెల. ప్రమాణాలను పాటించే తయారీదారులు డబ్బా మీద చూపే దూరం ఈ పావు లక్స్ వరకే లెక్క. కనుక ‘100 మీటర్లు’ అని ఉంటే, అంత దూరంలో వెన్నెల పాటి వెలుగు పడుతుందని అర్థం, అక్కడ ఉన్నదంతా స్పష్టంగా కనిపిస్తుందని కాదు. అదే దీపంతో దూరాన్ని రెట్టింపు చేయాలంటే గాఢతను నాలుగు రెట్లు పెంచాలి.

గంటకు నాలుగు కిలోమీటర్ల వేగంతో నడిచే మనిషి సెకనుకు మీటరుకు కొంచెం పైగా సాగుతాడు. ముందు ఐదు మీటర్ల గట్టు బాగా కనిపిస్తే, ఆగడానికి నాలుగు సెకన్ల పైగా వ్యవధి దొరుకుతుంది. ఇందుకు వెడల్పుగా పరచుకునే 50 నుంచి 100 ల్యూమెన్ల వెలుగు సరిపోతుంది. చేను అవతలి అంచున ఏదైనా కదిలితే చూడడానికి మాత్రం దూరం కొట్టే గాఢమైన కిరణం కావాలి. అది క్షణాల పనే. కాబట్టి రెండు మూడు స్థాయిలు ఉండి, మధ్య స్థాయిలో గంటల తరబడి నిలకడగా వెలిగే దీపం ఉత్తమం. సన్నని కిరణం ఒక్కటే ఇచ్చే దీపంతో గట్టు మీద చిన్న వెలుగు వలయమే కనిపిస్తుంది, కాలి పక్కన ఉన్నది చీకట్లో ఉండిపోతుంది.

కన్ను, రంగు, పురుగులు

మనిషి కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. కళ్ళు చెదిరే వెలుగు ఒక్కసారి పడితే ఆ అలవాటు పోతుంది. స్టార్టరు పెట్టె వంటి దగ్గరి వస్తువును పూర్తి వెలుగులో చూసి, వెంటనే చీకటి గట్టు మీదికి మళ్ళిన రైతుకు కాసేపు ఏమీ కనిపించకపోవడానికి కారణం ఇదే. దగ్గరి పనికి తక్కువ స్థాయి ఉండాలన్నది అందుకే.

నీలి ఛాయ గల తెల్లని వెలుగు చూపుకు ప్రకాశవంతంగా తోచినా, గోధుమ, మట్టి రంగుల మధ్య తేడాను అంత బాగా చూపదు. కొంచెం పసుపు కలిసిన వెలుగులో ఆ తేడాలు మెరుగ్గా తెలుస్తాయి. దీనివల్ల మరో ప్రయోజనమూ ఉంది. పురుగులు అతినీలలోహిత, నీలి కిరణాలకు ఎక్కువగా ఆకర్షితమవుతాయి. వరిలో కాండం తొలుచు పురుగు రెక్కల పురుగులను, పచ్చదోమను, సుడిదోమను దీపపు ఎరలతో రప్పించడానికి ఆధారం పురుగులకు వెలుగు మీద ఉన్న ఈ ఆకర్షణే. పసుపు ఛాయ దీపం చుట్టూ పురుగుల ముసురు తక్కువ.

చేతిలోనా, తలపైనా?

తలకు కట్టుకునే దీపం రెండు చేతులనూ ఖాళీగా ఉంచుతుంది. మోటారు మరమ్మతుకు, పాలు పితకడానికి, మడవ కట్టడానికి అది అనువైనది. నడకకు మాత్రం నడుము ఎత్తులో పట్టుకున్న చేతిదీపమే మేలు. కంటికి సమానమైన ఎత్తు నుంచి పడే వెలుగులో నీడలు వస్తువుల వెనకే దాగిపోయి నేల చదునుగా కనిపిస్తుంది. కింది నుంచి ఏటవాలుగా పడే వెలుగులో రాయికీ, గుంతకూ, చుట్ట చుట్టుకున్న పాముకూ పొడవైన నీడలు పడతాయి. మంచు కురిసే వేళ కూడా తలదీపం వెలుగు మంచు మీద పడి తిరిగి కళ్ళలోకే వస్తుంది.

బ్యాటరీ, నీరు, దుమ్ము

గ్రామాల్లో లెడ్ ఆసిడ్ బ్యాటరీ గల పెద్ద చార్జింగు లైట్లు ఎక్కువ. వాటిని వాడిన వెంటనే చార్జి చేయాలి. ఖాళీగా వదిలేస్తే పలకల మీద సల్ఫేటు పేరుకుని సామర్థ్యం పడిపోతుంది. బరువు తక్కువగా ఉండి ఎక్కువసేపు నిలిచేది లిథియం అయాన్ సెల్లు. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉండే ‘18650’ సెల్లు ఇందులో సర్వసాధారణం. దీని సామర్థ్యం 2,600 మిల్లీ ఆంపియర్ అవర్లు, వోల్టేజి 3.6 అయితే, నిల్వ ఉండే శక్తి సుమారు 9.4 వాట్ అవర్లు. మంచి ఎల్‌ఈడీ ఒక వాట్‌కు దాదాపు 100 ల్యూమెన్లు ఇస్తుంది. అంటే నష్టాలు పోను 100 ల్యూమెన్ల వెలుగు ఏడెనిమిది గంటలు వస్తుంది, ఒక రాత్రికి చాలు. ఈ పరిమాణపు సెల్లు మీద 4,000కు మించిన అంకె ముద్రించి ఉంటే నమ్మరాదు. ఈ సెల్లును రేకుల షెడ్డులో, ఎండలో నిలిపిన ట్రాక్టరు పెట్టెలో ఉంచకూడదు. వేడి దాని ఆయుష్షును తగ్గిస్తుంది.

నీటి రక్షణను ఐపీ సంఖ్యతో సూచిస్తారు. మొదటి అంకె దుమ్ముకు, రెండవది నీటికి సంబంధించినది. నీటి అంకె 4 అయితే జల్లులకు తట్టుకుంటుంది. 7 అయితే ఒక మీటరు లోతు నీటిలో అరగంట మునిగినా పాడవదు. కాలువల మధ్య, వరి మడుల్లో తిరిగే రైతుకు ఐపీ 67 తగినది. చార్జింగు రంధ్రం మీది రబ్బరు మూత సరిగా మూసి ఉన్నంతవరకే ఈ రక్షణ. మణికట్టుకు తగిలించుకునే తాడు, తడి చేతితోనూ తడుముకుని నొక్కగల ఒకే మీట ఉంటే మరీ మంచిది.

జేబులో ఉండవలసినవి

వెంట తీసుకువెళ్ళే సామాను ఎంత తక్కువైతే, అది ప్రతి రాత్రీ వెంట ఉండే అవకాశం అంత ఎక్కువ. ఈ కింది వాటికి మించి అవసరం లేదు.

రెండవ దీపం: బొటనవేలంత చిన్నదైనా చాలు. సెల్‌ఫోను దీపాన్ని రెండవ దీపంగా లెక్కించరాదు. ఆపదలో 108కి ఫోను చేయడానికి దాని బ్యాటరీని మిగల్చాలి.

టెస్టరు: స్టార్టరు పెట్టెను తాకే ముందు దాని ఇనుప ఒంటిని టెస్టరుతో పరీక్షించాలి. అది వెలిగితే కరెంటు ఉన్నట్టే. వెలగకపోతే లేదని మాత్రం నిశ్చయించుకోరాదు. మనిషి శరీరం గుండా నేలకు పోయే అతి స్వల్ప విద్యుత్తుతోనే ఆ చిన్న దీపం వెలుగుతుంది. కాళ్ళకు పొడి రబ్బరు చెప్పులుంటే మసకగా వెలగవచ్చు, టెస్టరు చెడిపోయి ఉంటే అసలే వెలగదు. కరెంటు ఉన్నదని తెలిసిన చోట ముందుగా దానిని సరిచూసుకోవాలి. తడిసిన టెస్టరును వాడరాదు. ట్రాన్స్‌ఫార్మరు వద్ద ఫ్యూజు పోతే లైన్‌మన్‌ను పిలవడమే మార్గం. మంచి దీపం, టెస్టరు చేతిలో ఉన్నాయన్న ధీమాతో ఆ పనికి పూనుకోకూడదు.

ఈల: సెల్‌ఫోను సంకేతం అందని చోట ఈల వినిపిస్తుంది. గొంతు అలసినా అది పలుకుతుంది. మూడుసార్లు ఊదితే సాయం కోరుతున్నట్టని ఇంటివారితో, పక్క పొలాల వారితో ముందే మాట్లాడుకోవాలి.

మడత కత్తి, కొద్దిపాటి నైలాన్ తాడు: పైపు కట్టడానికి, పశువు మెడకు చుట్టుకున్న పలుపు తెంచడానికి ఉపయోగపడతాయి.

తువ్వాలు, చేతికర్ర, గమ్‌బూట్లు: ఇవి కొత్తగా కొనే వస్తువులు కావు, కానీ దీపం తర్వాతి స్థానం వీటిదే. నేల అదురును పాము పసిగడుతుంది, కర్రతో తడుతూ నడిస్తే తొలగిపోవడానికి దానికి వ్యవధి చిక్కుతుంది. పొలంలో కాట్లు ఎక్కువగా పాదం, చీలమండల వద్దే పడతాయి కనుక బూట్ల విలువ చెప్పనక్కరలేదు.

కాటు పడితే

జేబులోని కత్తి, తాడు ఇక్కడ వాడకూడని వస్తువులు. గాయాన్ని కోయడం, పీల్చడం, పైన తాడుతో బిగించి కట్టడం హానికరం. కాటు పడిన అవయవాన్ని ఎముక విరిగినప్పటిలా కర్ర ఊతంగా, తువ్వాలుతో వదులుగా కట్టి కదలకుండా ఉంచాలి. ఉంగరాలు, మట్టెలు తీసివేయాలి. నడిపించకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి విషాలు నాలుగింటికీ ఒకే విరుగుడు మందు పనిచేస్తుంది. కాబట్టి పామును వెతుకుతూ, చంపుతూ కాలం వృథా చేయనక్కరలేదు. కట్లపాము కాటు చాలాసార్లు నిద్రలో, నొప్పి తెలియకుండానే పడుతుంది. కళ్ళంలో కాపలా పడుకునేవారు నేల మీద కాక, దోమతెర గల మంచం మీద పడుకోవాలి. దీపాన్ని తలగడ పక్కనే ఉంచుకుని, నేల చూసిన తర్వాతే పాదం కింద పెట్టాలి.

కొనే ముందు

దుకాణపు వెలుతురులో అన్ని దీపాలూ బాగానే కనిపిస్తాయి. వీలైతే చీకటి పడ్డాక పరీక్షించాలి. పాత తాడు ముక్కను ఎండుగడ్డిలో ఐదు మీటర్ల దూరాన వేసి, మధ్య స్థాయి వెలుగులో నడుము ఎత్తు నుంచి చూడాలి. తాడు వెంటనే కనిపిస్తే ఆ దీపం పనికి వస్తుంది. కొన్న తర్వాత ఒక రాత్రి ఇంట్లోనే వెలిగించి, ఎన్ని గంటలు నిలిచిందో చూసి, ఆ లెక్కను బట్టి చార్జింగుకు రోజులు నిర్ణయించుకోవాలి. నెలకొకసారి రబ్బరు మూతను, మీటను సరిచూడాలి. వాడని కాలంలో మామూలు సెల్లులు గల దీపం నుంచి వాటిని తీసి ఉంచితే, రసం కారి దీపం పాడవకుండా ఉంటుంది. తలుపు పక్కన మేకుకు దీపం, కర్ర, తువ్వాలు కలిపి తగిలించే అలవాటు చేసుకుంటే, హడావుడిగా బయలుదేరే రాత్రి కూడా ఏ ఒక్కటీ ఇంట్లో ఉండిపోదు.