ఇరుకు పెరటికి తగిన చెట్టు

అండమాన్ దీవుల రాజధాని పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురమని పేరు మారింది. ఆ నగరపు రేవు ప్రాంతాలలో ఫీనిక్స్ బే ఒకటి. ఇతర దీవులకు పోయే ఓడలు ఇక్కడి జెట్టీ నుండి బయలుదేరుతాయి. ఎత్తుపల్లాల నేలపై ఇళ్లు దగ్గర దగ్గరగా ఉండే ఇటువంటి నగరంలో, గోడకూ ప్రహరీకీ నడుమ మిగిలిన నాలుగు గజాల స్థలమే పెరడు. అందులో ఏ చెట్టు నాటాలన్నది చిన్న ప్రశ్నగా కనిపించవచ్చు. కాని నేడు చేతిలో ఇమిడే మొక్క ఇరవై ఏళ్లకు ఎంతవుతుందో యోచించకపోతే, ఆ పొరపాటును గోడలూ పైకప్పులూ భరించవలసి వస్తుంది.

ఈ దీవుల అధికారిక వృక్షం అండమాన్ పడాక్. మన రక్తచందనం, యేగిస దీనికి దగ్గరి చుట్టాలు. ఎర్రని కలపకు పేరుపొందిన ఈ చెట్టు ముప్పయి మీటర్లకు మించి పెరుగుతుంది. మొదట పలకలవలె లేచే ఊతవేళ్లు చుట్టూ విస్తరిస్తాయి. అడవికి అలంకారమైన ఈ వృక్షం ఇరుకు పెరటికి తగదు. మఱ్ఱి, రావి, పనస సంగతీ అంతే. ఇంటికప్పుపై కాయలు రాల్చే కొబ్బరికి కూడ తగినంత ఎడం కావాలి.

రెండవ విషయం వాన. ఇక్కడ ఏటా దాదాపు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. మే నుండి డిసెంబరు వరకు తడి, జనవరి నుండి ఏప్రిల్ వరకు నీటికి కటకట. కనుక చెట్టు అతివృష్టినీ ఎద్దడినీ కూడ తట్టుకోవాలి. బొప్పాయి వేళ్ల వద్ద రెండు రోజులు నీరు నిలిస్తే కుళ్లిపోతుంది. మునగకూ నిలవనీరు గిట్టదు. దాని పెళుసు కొమ్మలు గాలికి విరుగుతాయి. వాటిని గట్టుమీదనే పెంచి, మునగను ఏటా కత్తిరించాలి.

నిమ్మ, కరివేపాకు, జామ, పారిజాతం, నందివర్ధనం కత్తిరింపునకు లొంగి, చిన్న చోటులో ఒదిగి ఉంటాయి. మామిడిపై మమకారమున్నవారు ఆమ్రపాలి అంటును ఎన్నుకోవచ్చు. ఉత్తరాది దసేరీనీ దక్షిణాది నీలంనూ సంకరపరచి, 1970వ దశకంలో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ రూపొందించిన పొట్టి రకమిది. తోటలలో దీనిని రెండున్నర మీటర్ల ఎడంతో నాటుతారు.

తొలకరి పడిన తరువాత, గోడకు మూడు మీటర్లు ఎడంగా, రెండడుగుల గుంత తీసి, మాగిన ఎరువు కలిపిన మట్టితో నింపి, నేలకన్న కొంచెం ఎత్తుగా నాటాలి. వాలునేలలో దిగువవైపు రాళ్లు పేర్చితే పైమట్టి కొట్టుకొనిపోదు. జనవరి రాగానే మొదట ఎండుటాకులో కొబ్బరిపీచో కప్పితే తేమ నిలుస్తుంది. కూరలు కడిగిన నీరు మొక్కకు చాలవరకు సరిపోతుంది.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో నూటికి పదముగ్గురి మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుండి వచ్చిన కుటుంబాలు వంగ, తమిళ, హిందీ కుటుంబాల ఇరుగుపొరుగున నివసిస్తున్నాయి. గోడ ఇవతల నాటిన చెట్టు నీడ గోడ అవతల కూడ పడుతుంది. పొరుగింటి కప్పును నొప్పించక, రెండిళ్లకూ రెమ్మలందించే కరివేప చెట్టును మించిన ఎంపిక ఇరుకు పెరటికి వేరొకటి లేదు.