వన్నె కొఱకు మూడేండ్లు

సత్యవ్రతుడను రాజర్షి కృతమాలా నదిలో తర్పణము విడుచుచుండగా అతని దోసిట ఒక చిన్న చేపపిల్ల పడెననియు, దానిని కమండలువులో వేయగా కమండలువు చాలక, కడవలో వేయగా కడవ చాలక, మడుగులో వేయగా మడుగు చాలక, తుదకు సముద్రమునకే చేర్పవలసి వచ్చెననియు భాగవతము విన్న తెలుగువారికెల్లరకు తెలిసిన కథయే. నేడు సింగపూరులోను, జపానులోను, చైనాలోను పెక్కు గృహములలో ఈ కథ చిన్న ఎత్తున నడచుచున్నది. అరచేతి పొడవున్న పిల్లను కొని తెచ్చి గాజుతొట్టిలో వేయుదురు. ఏడాది తిరుగునప్పటికి ఆ తొట్టి చాలదు. మరికొంత కాలమునకు ఆరడుగుల తొట్టియు ఇరుకుగనే తోచును. అయితే రాజర్షి ఆ చేపనుండి ఏమియు కోరలేదు. వీరు కోరునది ఒక్కటి కలదు. అది రంగు.

ఈ చేపను మలే ప్రజలు ‘కెలిసా’ అందురు. అభిమానులు ఆసియా ఆరోవానా అనియు, చీనీయులు ‘లుంగ్ యూ’, అనగా డ్రాగను చేప అనియు వ్యవహరింతురు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు స్క్లెరోపేజెస్ ఫార్మోసస్. నాలుకయందు ఎముకయు, దానిపై దంతములును ఉండుటచేత దీని కుటుంబమునకు ఎముక నాలుక చేపలని పేరు వచ్చినది. దేహము కత్తివలె పొడవై, ప్రక్కలనుండి అదిమినట్లుండును. వీపు ఇంచుమించు తిన్నని గీత. నోరు పైకి తెరచుకొనును. క్రింది దవడ కొనను రెండు మీసములు. ఒడలంతయు నాణెములు పేర్చినట్లు పెద్ద పొలుసులు. చీనీయుల చిత్రములలోని డ్రాగనుకు పొలుసులును మీసములును ఉండును గనుక, ఈ చేప ఇంట నున్నచో సిరి చేరుననియు, కీడు తొలగుననియు పలువురి నమ్మకము. యజమానికి రాబోవు ఆపదను తనపై వేసికొని చేప ప్రాణము విడుచునని చెప్పుకొనువారును కలరు.

దీని వంశచరిత్రము డ్రాగను కథకంటె వింతైనది. దీని దగ్గర బంధువులు ఆస్ట్రేలియా నదులలోను, దూరపు బంధువులు దక్షిణ అమెరికా, ఆఫ్రికా నదులలోను ఉన్నవి. మంచినీటి చేప ఉప్పుసముద్రమును దాటి పోజాలదు. మరి ఇవి ఇన్ని ఖండములకు ఎట్లు చేరినవి? 2000వ సంవత్సరమున జపాను శాస్త్రజ్ఞులు కుమజావా, నిషిదా ఒక సమాధానము ప్రతిపాదించిరి. దక్షిణ ఖండములన్నియు ఒక్కటిగా నున్న గోండ్వానా భూభాగము చీలినప్పుడు, భారత భూఖండముతో పాటు ఈ చేప పూర్వులు ఉత్తరమునకు ప్రయాణించి, ఆ ఖండము ఆసియాను తాకిన పిదప తూర్పునకు వ్యాపించెనని వారి ఊహ. ఊహ ఊహయే యైనను, సింగపూరు మేడలో ఈదుచున్న చేపకు మన నేలతో ఒకనాటి చుట్టరికము ఉండవచ్చునను మాట ఆలోచింపదగినది.

రంగును బట్టి ఈ చేపలలో తెగలు ఏర్పడినవి. ఆకుపచ్చ వన్నెది ఆగ్నేయాసియాలో ఎక్కువ ప్రదేశములలో కనబడును. దాని వెల తక్కువ. సుమత్రా దీవిలో పుట్టునది ఎర్రతోక బంగారు చేప. మలయా ద్వీపకల్పమున, పేరాక్ రాష్ట్రములోని బుకిత్ మేరా సరస్సు మొదలగు తావులలోనిది వీపు దాటిన బంగారు చేప. బోర్నియో దీవి పడమటి భాగమున కపువాస్ నది ఎగువనను, దనావ్ సెంతారుమ్ సరస్సులలోను పుట్టునది రక్తవర్ణపు చేప. వీనిని వేర్వేరు జాతులుగా విభజింపవలెనని 2003లో కొందరు శాస్త్రజ్ఞులు వ్రాసిరి. పెక్కుమంది అంగీకరింపలేదు. ఇవన్నియు ఒకే జాతిలోని వన్నెభేదములని వారి అభిప్రాయము.

బంగారు చేపను ఎంచువారి దృష్టి మొదట పొలుసులపై పడును. పొట్టనుండి వీపువైపునకు పొలుసుల వరుసలను లెక్కింతురు. ఎర్రతోక బంగారు చేపలో మెరుపు నాలుగవ వరుసతో ఆగిపోవును. పైవరుసలు నల్లబారి యుండును. రెండవ తెగలో ఆ మెరుపు అయిదవ, ఆరవ వరుసలకు ఎగబ్రాకి, వీపును దాటి, ఆవలి ప్రక్కనుండి వచ్చు మెరుపుతో కలియును. ఈ కలయికయే దాని వెల. ఆపై పొలుసు నడుమ కనబడు ఛాయను బట్టి నీలిది, ఊదాది, పచ్చది అని మరల తరగతులు చేయుదురు. బంగారము గీటురాతిపై గీచి చూచు కంసాలి కన్ను ఎట్టిదో ఈ వ్యాపారి కన్నును అట్టిదే.

ఎర్రచేపను ఎంచుట ఇంతకంటె కష్టము. బంగారు పిల్లలో మెరుపు చిన్ననాడే కొంత తెలియును. ఎర్రపిల్లయో, కొన్ననాడు వెలవెలబోయిన వెండివలె నుండును. రెక్కల అంచులయందును, పెదవులయందును కొంచెము ఎరుపు తగిలియుండును. పొలుసుల అంచునను, మొప్పల కప్పుపైనను ఎరుపు నిండుటకు రెండేండ్లు, మూడేండ్లు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువయు పట్టును. కావున కొనువాడు కొనుచున్నది రంగును కాదు, రంగు వచ్చునను ఆశను. అనుభవజ్ఞులు తల్లిదండ్రుల వన్నె ఎట్టిదని అడుగుదురు. మీసములు తిన్నగా, సమానముగా నున్నవా, మొప్పల కప్పు నునుపుగా మెరయుచున్నదా, రెక్కలు విప్పారియున్నవా, ఈతలో తల ఎత్తుకొని ధీమాగా సాగుచున్నదా అని పరిశీలింతురు. తల గరిటెవలె సన్నగిలి, వీపు ఎత్తుగా నున్న పిల్లను కొందరు మరీ మెచ్చుకొందురు. ఇన్ని చూచినను తప్పిపోవుట కలదు. అన్ని లక్షణములు గల పిల్ల మూడేండ్ల తరువాత నారింజ ఛాయకు మించి పోక నిలిచిపోవచ్చును. మూల తొట్టిలో ఎవరును చూడని పిల్ల నిప్పుకణికవలె మండవచ్చును.

వన్నె తెచ్చుటకు పెంపకపుదారులు చేయు ఉపాయములు మూడు: నేపథ్యము, వెలుతురు, మేత. చేప చర్మములో నల్లని రంగుకణములు కలవు. చుట్టును చీకటిగా నున్నప్పుడు అవి విచ్చుకొనును; తెల్లగా నున్నప్పుడు ముడుచుకొనును. అందుచేత ఎర్రచేపను నల్లని నేపథ్యముతోను, బంగారు చేపను తెల్లని తొట్టిలోను పెంచుట పరిపాటి. రంగు ముదురుటకై దినమునకు కొన్ని గంటలు ప్రకాశవంతమైన దీపములు వెలిగింతురు. ఇక ఎరుపునకు, పసుపునకు మూలమైన కెరోటినాయిడులను చేప తన శరీరములో తాను కల్పించుకొనలేదు, మేతద్వారా పొందవలసినదే. రొయ్యలలోని ఆస్టాగ్జాంథిన్ అట్టిది. అందువలననే రొయ్య, మిడత, కీచురాయి, చిన్న కప్ప వీనికి ఇష్టభోజనము. నీరు కొంచెము పులుపు గుణము కలిగి, 26 మొదలు 30 డిగ్రీల వెచ్చదనముతో నుండవలెను; వారము వారము కొంత నీరు మార్చవలెను. తొట్టికి బరువైన మూత తప్పదు. అడవిలో కొమ్మపైనున్న పురుగును ఎగిరి పట్టు చేప ఇది. మూత మరచిన రాత్రి గడచి తెల్లవారునప్పటికి నేలపై ఎండి పడియున్న చేపను చూచి కన్నీరు పెట్టుకొన్న యజమానులు కలరు.

ఇన్ని ఉపాయములును జన్మతో వచ్చినదానిని పైకి తేగలవేగాని, లేనిదానిని పుట్టింపలేవు. దుకాణపు దీపము ఎర్రనిదైనచో పాలిపోయిన చేపయు పగడమువలె కనబడును. ఇంటికి తెచ్చిన మరునాటి ఉదయము నిజము తెలియును. నీటిపైని పురుగుల కొఱకు ఎల్లప్పుడు మీదికి చూడవలసిన చేప, తొట్టిలో అడుగున పడిన మేత కొఱకు క్రిందికే చూచుచుండుటచేత దాని కన్ను క్రిందికి వాలునని పలువురు అందురు. అట్టి కన్నును శస్త్రముతో సరిచేయు నేర్పరులు సింగపూరులో నున్నారు. చేపకు మత్తుమందు ఇచ్చి కన్ను నెత్తుదురు, తోక కత్తిరింతురు, గడ్డము దిద్దుదురు. చేపకు దీనివలన సుఖమేమియు లేదు. చూచువాని కంటికి సుఖము.

ఈ ప్రాణి గుణములలో ఎల్లరకు నచ్చునది రంగు; నిజమునకు గొప్పదైనది వేరొకటి. ఆడుచేప పెట్టు గ్రుడ్లు కొన్ని పదులు మాత్రమే. ఒక్కొక్కటి సుమారు రెండు సెంటీమీటర్ల లావు. మగచేప వానిని నోటిలోనికి తీసికొనును. గ్రుడ్లు పగిలి, పిల్లలు తమ పొట్టక్రింది పచ్చసొన కరగించుకొని స్వయముగా ఈదగలుగువరకు, ఇంచుమించు రెండు నెలలు, అవి తండ్రి నోటిలోనే పెరుగును. నోరు నిండ సంతానముండగా మేతకు తావెక్కడిది? అడవిలో పిల్లలను పట్టవచ్చినవాడు తండ్రినే పట్టవలసియుండును. పెంపకపు చెరువులలోను ఇదియే పద్ధతి. వలవేసి, బరువెక్కిన దవడగల మగచేపను గుర్తించి, నోరు మెల్లగా తెరచి, గ్రుడ్లను గాని పిల్లలను గాని గిన్నెలోనికి దింపుకొందురు. నేర్పుగల చేతిలో తండ్రికి దెబ్బ తగులదు. మరల చెరువులోనికి పోవును.

ఒకప్పుడు ఈ చేపకు ఇంత గౌరవము లేదు. నదుల యొడ్డున నివసించువారు దీనిని పట్టి వండుకొని తినెడివారు. 1975లో అంతర్జాతీయ వన్యజాతుల వాణిజ్య ఒడంబడిక దీనిని మొదటి అనుబంధమున చేర్చి, అడవి చేపల వ్యాపారమును నిషేధించెను. నిషేధము ప్రాణిని కాపాడుటకు చేయబడినది. కాని దొరకదను మాటయే దాని వెలను పెంచినదని 2016లో ఈ చేపపై గ్రంథము వ్రాసిన ఎమిలీ వాయిట్ వాదించెను. అటుపిమ్మట ఒడంబడికలో నమోదైన క్షేత్రములలో పుట్టి పెరిగిన చేపలకు, రెండవ తరము మొదలుకొని, అమ్మకము అనుమతింపబడినది. అట్టి ప్రతి చేప దేహములోను గుర్తింపు సంఖ్యగల సూక్ష్మపరికరము నుంచి, జన్మపత్రికవలె ధ్రువపత్రము నిత్తురు. అమెరికా సంయుక్త రాష్ట్రములు మాత్రము దీని దిగుమతిని అనుమతింపవు. మన దేశమున 2022లో సవరింపబడిన వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము ఇట్టి జాతులను ఉంచుకొనువారు ప్రభుత్వమువద్ద నమోదు చేయించుకొనవలెను. మన నగరములలోని దుకాణములలో ఆరోవానా పేర తరచు కనబడు వెండివన్నె చేప వేరు. అది దక్షిణ అమెరికాలోని అమెజాను ప్రాంతపు బంధువు.

దనావ్ సెంతారుమ్ సరస్సులు 1994లో అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగా రామ్‌సార్ పట్టికలో చేరినవి; 1999లో జాతీయోద్యానమైనవి. వానకాలమున కపువాస్ నది పొంగి వెనుకకు మరలి ఆ సరస్సులను నింపును. వేసవిలో నీరు తీసి, అడుగు బయటపడును. రాలిన ఆకులు నానుటచేత అచటి నీరు డికాక్షను రంగులో నుండును. ఆ చీకటి నీటిలో పుట్టిన ఎరుపు నేడు లోకమంతటి గాజుతొట్టెలలో వెలుగుచున్నది. కాని ఆ సరస్సులలోనే అడవి ఎర్రచేప మిక్కిలి అరుదైపోయినది. మానవుడు ముచ్చటపడి పట్టినందునను, అడవులు నరకబడి తగులబడినందునను ఈ స్థితి వచ్చినది. చెరువులలో దీని సంతతి వృద్ధియగుచునే యున్నది. జాతి నశించినదనుటకు వీలు లేదు, బ్రదికియున్నదనుటకును నోరాడదు. ఏ పిల్ల బ్రదుకవలెనో నిర్ణయించుటకు నదిలో వేగము, జాగ్రత్త, ఆకలి అను పరీక్షలుండెను. చెరువులో ఉన్న పరీక్ష ఒక్కటియే, కొనువాని కన్ను.

పెంచువారిని తప్పుపట్టి ప్రయోజనము లేదు. మూడేండ్లు ప్రతిదినము నీరు పరీక్షించి, రొయ్య వలిచి పెట్టి, ఒక ఉదయము మొప్పల కప్పుపై తొలి ఎరుపు చూచిన మనుజుని ఆనందము నకిలీది కాదు. వారు పోషించిన చెరువులే లేకున్నచో ఈ ఎరుపు ఏనాడో అంతరించియుండునేమో. అయినను భాగవత కథలో ఒక విశేషము గమనింపదగినది. ఈ పాత్ర నాకు చాలదని ప్రతిసారియు చేపయే చెప్పినది. రాజు విని, అంతకంటె పెద్దదానికి చేర్చినాడు. తుది పాత్ర సముద్రము. ఆరోవానా యజమానియు చేప పెరిగినకొలది తొట్టిని మార్చుచుండును. ఆ వరుసలో నది ఎన్నడును రాదు. వచ్చు రోజు కొఱకు సెంతారుమ్ నీరును, దానిని నల్లబరచు అడవియును మిగిలియుండవలెను.