పెడన కరక్కాయ, ఇంటి బీరు

ఇంట్లో బీరు కాచుకునేవాళ్లకు పనికొచ్చే వ్యాసం ఒకటి కావాలని మన సంఘం కమిటీ వాళ్లు అడిగారు. కాయడం మీకు తెలిసిందే. హాప్స్ దండిగా పడ్డ ఐపీఏ మసకబారితే ఏం చేయాలో అదొక్కటే రాస్తాను. హేజీ ఐపీఏ సంగతి వేరు. దాన్ని 2018లో బ్రూయర్స్ అసోసియేషన్ ఒక ప్రత్యేక రకంగా గుర్తించింది, అందులో మసక ఉండాల్సిందే. వెస్ట్‌కోస్ట్ ఐపీఏ మాత్రం తేటగా ఉండాలి.

ముందు ఆ మసక దేనిదో తేల్చుకోండి. ఫ్రిజ్‌లోంచి తీసిన గ్లాసును కాసేపు బల్ల మీద ఉంచండి. చల్లదనం పోయేకొద్దీ తేటపడితే, బార్లీ ప్రోటీన్లూ హాప్స్ టానిన్లూ చలికి జతకట్టాయన్నమాట. అప్పటికీ పోకపోతే అది ఈస్టయినా కావాలి, పిండి అయినా కావాలి, విడిపోనంతగా ముడిపడ్డ ఆ ప్రోటీన్–టానిన్ జంటయినా కావాలి. అయోడిన్ చుక్క వేస్తే నీలినలుపు తిరిగిందంటే పిండే.

బట్టల మీద అచ్చులు అద్దే పెడన వాళ్లకు ఈ టానిన్ కొత్త కాదు. అద్దకానికి ముందు బట్టను కరక్కాయ నీళ్లలో ముంచేది దానికోసమే. తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్లతో అచ్చు వేస్తే ఆ టానిన్ మీద నలుపు పుడుతుంది. శ్రీకాళహస్తి కలంపనిలో కరక్కాయకు గేదెపాలు కలుపుతారు, అంటే టానిన్‌కు ప్రోటీన్ తోడన్నమాట. కెమిస్ట్రీ పుస్తకం చదవకుండానే మనవాళ్లు ఇంత సాధించారు! బట్టకు మేలు చేసే ఇనుము బీరుకు చేటు. మసకనూ పెంచుతుంది, రుచినీ చెడగొడుతుంది. బావినీళ్లు వాడేవాళ్లు నీటి పరీక్ష చేయించుకోండి.

ఇక అసలు జాగ్రత్త. సామాన్లు అమ్మే దుకాణంలో నాకు ‘తేటపరిచే పొడి’ అని ఒక పొట్లం ఇచ్చారు. అది జిలాటిన్ అని చెప్పలేదు. శాకాహారి మిత్రుడొకాయన ఆ బీరు తాగాక గాని సంగతి బయటపడలేదు. ఆయన ఎంత నొచ్చుకున్నారో నాకింకా గుర్తుంది. జిలాటిన్ పశువుల చర్మం, ఎముకల నుంచి వస్తుంది. ఐసింగ్లాస్ చేపల గాలితిత్తుల నుంచి తీస్తారు. మన సభల్లో పోసే బీరుకు రెండూ వద్దు. కాపు చివరి పది పదిహేను నిమిషాల్లో ఐరిష్ మాస్ వేయండి, అది సముద్రపు నాచు. ప్రోటీన్లను సిలికా జెల్ పడుతుంది, టానిన్లను పీవీపీపీ అనే పొడి పడుతుంది. ఏది వేసినా పూర్తిగా అడుగుకు దిగనిచ్చి, మడ్డి కదలకుండా పై తేట తీసుకోవాలి. సున్నా నుంచి రెండు డిగ్రీల చలిలో కొన్నాళ్లు ఉంచితే చాలాభాగం దానంతటదే దిగుతుంది.

మూత తీసి ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి మాత్రం వంపకండి. గాలి తగిలితే హాప్స్ వాసన చస్తుంది, రంగు గోధుమకు తిరుగుతుంది. కార్బన్ డయాక్సైడ్ నింపిన కెగ్‌లోకి గొట్టంతోనే పంపండి. వాసన పోయిన తేట బీరు కంటే మసక బీరే మేలు.

ఈ కాపు చట్టం ఒప్పుకునే చోటికే పరిమితం. ఆంధ్రప్రదేశ్‌లో లైసెన్సు లేకుండా మద్యం తయారుచేస్తే నేరం. కాబట్టి ఊరెళ్లినప్పుడు కాపు మాట పక్కనపెట్టి, పిల్లల్ని పెడన అద్దకం షెడ్లకు తీసుకెళ్లి, కరక్కాయ బట్ట మీద నలుపు పుట్టడం చూపించండి. బట్ట కొనేటప్పుడు స్క్రీన్ ప్రింటా, చెక్క అచ్చా అని అడిగి, అచ్చు వేసిందే కొనండి.