తెలుగు పరిశోధన పత్రికకు సొంత సర్వర్: కంట్రోల్ ప్యానెల్ స్థాపన, సంరక్షణ బాధ్యత

వ్యాససంగ్రహం:
సర్వర్ నిర్వహణను సులభం చేసే వెబ్‌మిన్ కంట్రోల్ ప్యానెల్ స్థాపనాక్రమాన్ని వివరిస్తూ, పనిభారం తగ్గినా వ్యాసాల సంరక్షణ బాధ్యత సంపాదకులదేనని తెలియజేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సర్వర్, కంట్రోల్ ప్యానెల్, వెబ్‌మిన్, యూనికోడ్, బ్యాకప్.

1. ప్రవేశిక
పూర్వపు ప్రకాశం జిల్లాలోని వేటపాలెంలో 1918లో నెలకొన్న సారస్వత నికేతనం పాత తెలుగు పత్రికలను భద్రపరచినందువల్లనే వాటిలో అనేకం నేటి పరిశోధకులకు అందుతున్నాయి. అంతర్జాల పత్రిక విషయంలో ఆ గ్రంథాలయం స్థానం సర్వర్‌ది. సర్వర్ మూతపడితే సిద్ధాంతగ్రంథాల్లో ఉటంకించిన లంకెలు నిరుపయోగమవుతాయి. పరిశోధకుని ప్రచురణకు ఆధారమే మిగలదు. గుంటూరు, ఒంగోలు ప్రాంతాల తెలుగు శాఖలు సొంతంగా పత్రిక నడపదలిస్తే ఈ అంశాన్ని ముందుగా గ్రహించాలి.

2. కంట్రోల్ ప్యానెల్ స్వరూపం
సర్వర్‌ను సాధారణంగా టైపు చేసిన ఆదేశాలతో నడుపుతారు. అవే పనులను బ్రౌజర్‌లో మీటలు నొక్కి, పట్టికలు పూరించి చేయగల సాధనమే కంట్రోల్ ప్యానెల్. సీప్యానెల్ వంటివి రుసుముతో లభిస్తాయి. జేమీ కామెరాన్ 1997లో వెలువరించిన వెబ్‌మిన్ ఉచితం. ఇది మార్పులను సర్వర్‌లోని అసలు అమరిక ఫైళ్లలోనే రాస్తుంది. అందువల్ల తరువాత వెబ్‌మిన్‌ను తొలగించినా ఆ అమరికలు నిలిచే ఉంటాయి.

3. స్థాపనాక్రమం
ఉబుంటు లేదా డెబియన్ ఉన్న సర్వర్‌ను మొదట తాజా పరచాలి. వెబ్‌మిన్ అధికారిక భాండాగారాన్ని జతచేసి, అక్కడి నుండే ప్యానెల్‌ను స్థాపించాలి. తరువాత బ్రౌజర్‌లో సర్వర్ చిరునామాకు 10000 అనే పోర్టు సంఖ్య చేర్చి తెరవాలి. తొలిసారి కనిపించే భద్రతా హెచ్చరికకు కారణం సర్వర్ తనకు తానే ఇచ్చుకున్న ధ్రువపత్రం. లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచిత ధ్రువపత్రం పొందితే ఆ హెచ్చరిక తొలగిపోతుంది.

4. తెలుగు పాఠ్యం
యుటిఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది. ‘క్ష’లో క, పొల్లు, ష అనే 3 సంకేతాలున్నందున అది 9 బైట్లవుతుంది. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ సృష్టించేటప్పుడు లాటిన్ అమరిక ఎంచుకుంటే తెలుగు పాఠ్యం ప్రశ్నార్థకాలుగా మారే ప్రమాదముంది. యుటిఎఫ్8ఎంబి4 ఎంచుకోవడం శ్రేయస్కరం.

5. భద్రత, ప్రతులు
ప్యానెల్ చేతికి వస్తే సర్వర్ మొత్తం చేతికి వచ్చినట్లే. 2019లో వెబ్‌మిన్ 1.890 మొదలైన కొన్ని కూర్పుల్లో దొంగచాటుగా చొప్పించిన కోడ్ బయటపడింది. అది మూలకోడ్ భాండాగారంలో లేదు. కూర్పులను తయారుచేసే యంత్రంలో చేరింది. 1.930 కూర్పుతో దానిని తొలగించారు. కనుక ప్యానెల్‌ను ఎప్పటికప్పుడు తాజా పరచాలి. 10000 పోర్టును సంపాదకుల చిరునామాలకే పరిమితం చేయాలి. రెండంచెల ధ్రువీకరణ అమర్చాలి.

ఓపెన్ జర్నల్ సిస్టమ్స్‌తో నడిచే పత్రికలో వ్యాసాల వివరాలు డేటాబేస్‌లోనూ, సమర్పించిన ఫైళ్లు వేరొక సంచయంలోనూ ఉంటాయి. రెండింటినీ కలిపి ప్రతి తీయాలి. ఆ ప్రతి అదే సర్వర్‌లో ఉంటే ప్రయోజనం లేదు.

6. ముగింపు
కంట్రోల్ ప్యానెల్ సాంకేతిక శిక్షణ లేని అధ్యాపకునికీ సర్వర్ నిర్వహణను అందుబాటులోకి తెస్తుంది. అయితే సంకేతపదం ఒక్కరి వద్దే ఉంటే, వారి బదిలీతో పత్రిక ఆగిపోవచ్చు. కనీసం ఇద్దరికి ప్రవేశాధికారం, వేరుచోట ఒక ప్రతి, ఆ ప్రతి నుండి పత్రికను తిరిగి నిలబెట్టి చూసే అలవాటు ఉండాలి. ఈ మూడూ కుదిరిన తరువాతనే తొలి సంచిక వెలువరించడం ఉచితం.